మన కంప్యూటర్ల తాళంచెవి ఎవరి దగ్గర వుంది?

(ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో స్త్రీల సంస్థల కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు మొదట నవ్వొచ్చింది. నేను ఇంజనీరుని కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక స్త్రీల సంస్థ డాక్యుమెంటేషన్ సెంటర్‌లో పత్రికల కటింగులు అతికిస్తూ, పుస్తకాలకి నెంబర్లు వేస్తూ, కేసు ఫైళ్ళు సర్దుతూ వున్నదాన్ని. అయితే నిన్న టీ దగ్గర ఏ జిల్లా నుంచి వచ్చినవాళ్ళు పలకరించినా అడిగింది ఒకటే. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేశారు. మన ఆఫీసుల్లో వున్న పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కొత్తవి కొనే డబ్బు లేదు. లినక్స్ వేసుకోండి, ఉచితం, అని ఎవరో తెలిసిన అబ్బాయి చెప్తాడు. వేసుకుంటాం సరే, రేపు చెడిపోతే ఎవరిని పిలవాలి? డబ్బు తీసుకునే కంపెనీనా, డబ్బు తీసుకోని వాలంటీర్లనా? ఎవరిని నమ్మాలి?

ఈ ప్రశ్నకి నేను రెండుసార్లు తప్పు జవాబు చెప్పాను. ఒకసారి కంపెనీని నమ్మాను, ఇంకోసారి వాలంటీర్లని నమ్మాను. ఆ రెండు అనుభవాలూ మీ ముందు పెడతాను.

ముందు మాటల సంగతి. ప్రోగ్రాం అనేది మనుషులు చదవగలిగే రూపంలో రాస్తారు. దాన్నే సోర్స్ కోడ్ అంటారు. మామూలుగా కంపెనీలు దాన్ని దాచుకుని, యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపాన్ని మనకి అమ్ముతాయి. చదవటానికి, మార్చుకోవటానికి, నలుగురికీ పంచటానికి అందరికీ హక్కు వుండాలని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం. 1998లో దానికే 'ఓపెన్ సోర్స్' అనే మాట వచ్చింది. ఆ మాట సూచించింది క్రిస్టీన్ పీటర్సన్ అనే స్త్రీ. ఈ చరిత్ర చెప్పేవాళ్ళు మగవాళ్ళ పేర్లు వరసగా చెప్పి ఊరుకుంటారు కనక ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను.

మా సెంటర్ మొదట ఈ క్యాంపస్‌లోనే వుండేది. పాత క్వార్టర్స్‌లో రెండు గదులు, వానొస్తే ఒకటే గది. కటింగులన్నీ అట్టపెట్టెల్లో. 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో జరిగిన రమీజాబీ కేసు మీద వచ్చినవి, మథుర తీర్పు మీద వచ్చినవి, వరకట్న చావులు, 1991 చుండూరు, 1992 నెల్లూరు సారా పోరాటం. వీటికి సూచిక అంతా కార్డుల మీద రాసుకునేవాళ్ళం. 1993లో మాకొక కంప్యూటర్ వచ్చింది. అందులో సీడీఎస్ ఐసిస్ అనే ప్రోగ్రాం. యునెస్కో తయారుచేసి గ్రంథాలయాలకి పంచిపెట్టింది దాన్ని. మన దేశంలో నిస్సాట్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ద్వారా వచ్చేది. నల్లటి తెర, తెలుగు లేదు. 'సారా వ్యతిరేక పోరాటం' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్ళం. విసుగ్గానే వుండేది కానీ పని జరిగేది.

2001లో క్యాంపస్ ఖాళీ చేసి తార్నాకలో ఒక ఇంటి కింది భాగం అద్దెకి తీసుకున్నాం. అప్పుడొచ్చాడు కంపెనీ మనిషి. పేరు చెప్పను, ఇప్పుడా కంపెనీయే లేదు. చక్కగా మాట్లాడాడు. తెరమీద తెలుగు చూపించాడు. 'అనసూయ' అని కొడితే 'అనసూయ' అనే కనపడింది. మా లైబ్రేరియన్ కళ్ళలో నీళ్ళు తిరగటం నేను చూశాను. ప్రోగ్రాం డబ్బు ఒకసారి, ఏడాదికోసారి ఏ.ఎం.సి. డబ్బు. కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే చోట ఒక చిన్న ముక్క పెట్టాడు. డాంగిల్ అంటారట. అది వుంటేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అంటే మా అల్మారాకి మేం డబ్బిచ్చి తాళం వేయించుకుని, తాళంచెవి అతని దగ్గరే పెట్టామన్నమాట. అప్పుడలా అనిపించలేదు.

ఏడేళ్ళు బాగానే నడిచింది. ఫోన్ చేస్తే మనిషి వచ్చేవాడు. 2008లో రావటం మానేశాడు. ఆఫీసుకి వెళ్తే టులెట్ బోర్డు. మరుసటి ఏడాది డాంగిల్ చెడిపోయింది. ఫైళ్ళు కళ్ళ ముందున్నాయి, తెరుచుకోవు. క్యాంపస్‌లో తెలిసిన ఒక లెక్చరర్‌ని బతిమాలి ఫైళ్ళు విప్పించి చూస్తే తెలుగు వుండాల్సిన చోట పిచ్చి గుర్తులు. తెలుగు అక్షరాలకి ప్రపంచమంతా ఒప్పుకున్న సంఖ్యలు యూనికోడ్‌లో 1991 నుంచీ వున్నాయి. కానీ మన దగ్గర కంపెనీలు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్ళు, ఎవరి సంఖ్యలు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరి ఫాంటులో 'క' అయినది ఇంకొకరి ఫాంటులో ఇంకేదో అవుతుంది. మీలో డీటీపీ చేయించినవాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. అంతకుముందు ఐసిస్‌లో ఎక్కించిన 1993 నుంచి 2001 దాకా డేటా మొత్తం క్షేమంగా బయటికొచ్చింది. ఎందుకంటే ఐసిస్‌లో వున్నదంతా ఐఎస్ఓ 2709 అనే ఉమ్మడి పద్ధతిలో బయటికి తీసుకునే వీలు మొదటినుంచీ వుంది. ప్రపంచంలో చాలా గ్రంథాలయ ప్రోగ్రాములు దాన్ని చదవగలవు. నల్లతెర ప్రోగ్రాంలో చేసిన పని మిగిలింది. కళ్ళనీళ్ళు తెప్పించిన ప్రోగ్రాంలో చేసిన పని పోయింది. పూర్తిగా పోకుండా కాపాడింది మా లైబ్రేరియన్ చాదస్తం. ఆవిడ ప్రతి మార్చి నెలాఖరుకి మొత్తం జాబితా ప్రింటు తీసి బైండు చేయించేది. కాగితం దండగ అని నేనే రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

దీంతో నాకు కంపెనీలంటే విరక్తి పుట్టింది. సరిగ్గా ఆ సమయంలో, 2012లో, ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి నలుగురు విద్యార్థులు వచ్చారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాతావరణం అప్పటికే బాగా వుంది. 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థలో విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కలిసి తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. కాలేజీ కాలేజీకీ ఈ మాట పాకింది. మా దగ్గరికొచ్చిన పిల్లలు ఏ సంస్థ తరపునా రాలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. "అక్కా, మీకు కోహా పెడతాం, పైసలేమొద్దు" అన్నారు. ఆదివారాలు వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం పెట్టటం తప్ప మేం చేసిందేమీ లేదు. పాత ఐసిస్ డేటా అంతా ఎక్కించారు. తెలుగులో వెతికితే దొరికేటట్టు చేశారు. కేసు ఫైళ్ళ సూచిక కూడా అందులోనే పెట్టించాం. ఎందుకు పెట్టించామా అని ఇప్పుడు అనుకుంటాను.

రెండేళ్ళకి వాళ్ళ చదువు అయిపోయింది. ఒకరు బెంగుళూరు, ఒకరు పూణే, ఇద్దరు అమెరికా. అది వాళ్ళ తప్పెలా అవుతుంది? 2016 వేసవిలో హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ వుందన్నారు కదా అని చూస్తే అది కూడా అదే డిస్క్‌లో వుంది. సర్వర్ పాస్‌వర్డ్ మాలో ఒక్కరికీ తెలియదు. నెంబరు సంపాదించి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి, "అక్కా, పాస్‌వర్డ్ యాద్ లేదు గానీ ఒక కాపీ నా ల్యాప్‌టాప్‌ల ఉన్నట్టుంది, చూస్త" అన్నాడు. వుంది. పదహారు నెలల పాతది, కానీ వుంది. పంపించాడు.

డేటా దొరికినందుకు సంతోషించాలో, గుండె బాదుకోవాలో తెలియలేదు. ఎందుకంటే ఆ కాపీలో మా కేసు ఫైళ్ళ సూచిక వుంది. స్త్రీల పేర్లు, ఊళ్ళు, భర్తల పేర్లు, ఎవరు ఏ షెల్టర్‌లో వున్నారో ఆ వివరాలు. పదహారు నెలలపాటు బెంగుళూరులో ఒక అద్దె గదిలో, ముగ్గురు వాడే ల్యాప్‌టాప్‌లో. ఆ అబ్బాయి ఫైలు తెరిచి కూడా చూసి వుండడు, మంచివాడు. కానీ మనల్ని నమ్మి చెప్పుకున్న స్త్రీ భద్రత ఒకరి మంచితనం మీద ఆధారపడటం ఏమిటి? అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపు బయటపెట్టటం నేరమని 1983లో శిక్షాస్మృతిలో 228ఎ చేర్పించుకున్నది ఉద్యమమే. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ పేర్లు బయటపడితే మనం ఏమని చెప్పుకుంటాం? సర్వీసు ఉచితంగా వచ్చిందనా?

కంపెనీ అయితే ఈ బాధ లేదనుకోకండి. ఇప్పుడు ఏ.ఎం.సి. మనిషి ఇంటికి రాడు. దూరం నుంచే మీ కంప్యూటర్‌లోకి వస్తాడు. "మేడమ్, ఆ తొమ్మిది అంకెలు చెప్పండి" అంటాడు. మనం చెప్తాం, చెప్పి టీ తాగటానికి లేస్తాం. ఆ పది నిమిషాలూ మీ ఫైళ్ళన్నీ అతని ముందు పరిచి వున్నట్టే.

ఆ దెబ్బ తర్వాత నేను కోహా చరిత్ర చదివాను. మనం వాడే వస్తువు ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని మాత్రమే మొదలుపెట్టాను, తీరా చూస్తే మన ప్రశ్నే అక్కడుంది. 1999లో న్యూజీలాండ్‌లో హొరోవెనువా అనే చిన్న ప్రాంతంలో గ్రంథాలయ ట్రస్టు వుంది. వాళ్ళ పాత ప్రోగ్రాం 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదు. ఆ వైటూకే సమస్య మన అమీర్‌పేటలో ఎంతమందికి ఉద్యోగాలిప్పించిందో మీకు గుర్తుండే వుంటుంది. పెద్ద కంపెనీల ప్రోగ్రాం కొనే స్తోమత లేక, కటిపో అనే చిన్న సంస్థకి డబ్బిచ్చి కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరి మొదటివారంలో అది పనిలోకొచ్చింది. అప్పుడు గ్రంథాలయం అధిపతి రోజలీ బ్లేక్ అనే ఆవిడ. కటిపో నడిపింది రేచల్ హామిల్టన్ విలియమ్స్ అనే ఆవిడ. రాయించుకున్నదాన్ని వాళ్ళు తమ దగ్గరే దాచుకోకుండా జీపీఎల్ లైసెన్సు కింద ప్రపంచానికి ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో బహుమతి. అయితే ఊరికే ఇచ్చేది కాదు, తిరిగి ఇచ్చిపుచ్చుకోవాల్సిన బాధ్యతతో వచ్చే బహుమతి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు పుస్తకంలో రాసుకుని, వాళ్ళింట్లో శుభకార్యానికి తిరిగి చదివిస్తాం కదా, దాదాపు అటువంటిది.

తర్వాత ఏమయింది? లిబ్‌లైమ్ అనే అమెరికన్ కంపెనీ కోహాకి సర్వీసు చేస్తూ ఎదిగింది. 2007లో కటిపో దగ్గర్నుంచి కోహా విభాగాన్ని కొనుక్కుంది. నిజం చెప్పాలంటే ఆ కంపెనీ మంచి పని కూడా చాలా చేసింది. కానీ 2009లో తన సొంత రకం కోహా ఒకటి పెట్టుకుని, మార్పుల్ని అందరితో పంచుకోవటం తగ్గించింది. 2010లో ఆ కంపెనీని ఇంకో కంపెనీ, పీటీఎఫ్ఎస్, కొనేసింది. 2011లో న్యూజీలాండ్‌లోనే 'కోహా' అనే పేరుని తన ట్రేడ్‌మార్క్ చేసుకోబోయింది. ఆలోచించండి. ఒక మావోరీ మాట, ఒక గ్రంథాలయం బహుమతిగా ఇచ్చిన వస్తువు పేరు, ఒక అమెరికన్ కంపెనీ సొత్తు కాబోయింది. ఆ చిన్న ట్రస్టు దగ్గర లాయర్లకి డబ్బెక్కడిది? ప్రపంచమంతటా వున్న కోహా వాడకందార్లని సాయమడిగింది. చందాలొచ్చాయి. చివరికి తీర్పు గ్రంథాలయం వైపే వచ్చింది. ఈలోగా ప్రోగ్రాం రాసేవాళ్ళు, వాడేవాళ్ళు తమ సొంత చోటు ఏర్పాటు చేసుకుని పని సాగించారు. ఇవాళ ఏడాదికి రెండుసార్లు, మే, నవంబరు నెలల్లో, కొత్త కోహా వస్తోంది.

ఈ కథలో కంపెనీలు చెడ్డవి, వాలంటీర్లు మంచివాళ్ళు అని నేను చూడలేదు. మొదట రాసింది డబ్బు తీసుకున్న సంస్థే. ఇప్పుడు రాస్తున్నవాళ్ళలో చాలామంది కోహాకి సర్వీసు చేసే చిన్న కంపెనీల ఉద్యోగులే. తేడా ఏమిటంటే, ఒక కంపెనీ దారి తప్పితే మిగిలినవాళ్ళు దాన్ని వదిలి ముందుకు వెళ్ళగలిగారు. మా తార్నాక కంపెనీ పోయినప్పుడు మేం వెళ్ళలేకపోయాం. ఇంతే తేడా. మీ ఆఫీసుల్లో వాడే లిబ్రే ఆఫీస్ కథ కూడా ఇదే. 2010లో ఓరకిల్ కంపెనీ సన్ కంపెనీని కొన్నప్పుడు ఓపెన్ ఆఫీస్ దాని చేతికి పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో రాసేవాళ్ళు బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు. పట్టుకుపోవటానికి సోర్స్ కోడ్ వుంది కాబట్టి వెళ్ళారు.

మన హైదరాబాద్‌లోనే పుట్టిన గ్రంథాలయ ప్రోగ్రాం ఒకటుంది, న్యూజెన్‌లిబ్. కేశవన్ ఇన్‌స్టిట్యూట్‌లోని గ్రంథాలయ నిపుణులు, వెరస్ సొల్యూషన్స్ అనే కంపెనీ కలిసి తయారుచేశారు. 2008 జనవరిలో దాన్ని జీపీఎల్ కింద విడుదల చేశారు. మన వూరి పని అని నాకు దానిమీద అభిమానం. అయినా ఏ ప్రోగ్రాం గురించైనా నేనిప్పుడు అడిగేది ఇదే: దీన్ని బాగుచెయ్యగలిగినవాళ్ళు ఒకే ఆఫీసులో వున్నారా, నాలుగు చోట్ల వున్నారా? లైసెన్సు ఓపెన్ అయినంతమాత్రాన మనిషి దొరకడు.

ఇక 'వాలంటీర్' అనే మాట. ఈ మాట వింటే మనకి అనుమానం రావాలి. ఆశా కార్యకర్తలని ప్రభుత్వం ఏమంటోంది? గౌరవ వాలంటీర్లు అంటోంది. జీతం ఇవ్వకుండా పారితోషికం ఇవ్వటానికి ఆ మాట పనికొచ్చింది. ఇంట్లో మన చాకిరీకి ప్రేమ అని పేరు, ఊళ్ళో చాకిరీకి సేవ అని పేరు. అటువంటప్పుడు సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి ఎవరో పిల్లలు రాత్రిళ్ళు మేలుకుని మనకి ఊరికే పనిచేసిపెడతారని సంబరపడటం మనకి తగునా?

2024 మార్చిలో జరిగింది చెప్తాను. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళని కుదించే చిన్న ప్రోగ్రాం ఒకటి ప్రపంచంలో లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లలో వుంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో చూసుకున్నది లాసే కాలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతంలేని పని అని ఆయన 2022లోనే బహిరంగంగా చెప్పుకున్నాడు. ఇంకా తొందరగా చెయ్యమని కొన్ని పేర్లతో ఒత్తిడి వచ్చింది. సాయం చేస్తానని జియా టాన్ అనే పేరుతో ఒకరు చేరి, రెండేళ్ళు ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ కావటానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, మైక్రోసాఫ్ట్‌లో జీతగాడు. కంపెనీ ఉద్యోగే పట్టుకున్నాడు, కానీ కోడ్ బయట వుండబట్టే పట్టుకోగలిగాడు. ఇందులో నాకు మిగిలిపోయిన బాధ మాత్రం ఆ ఒంటరి మనిషి గురించే. అలసిపోయానని చెప్పినా మాట వినిపించుకున్నది మోసగాడొక్కడే.

ఇంకొక సంగతి. రాత్రిళ్ళు ఊరికే పనిచెయ్యటానికి ఎవరికి తీరిక వుంటుంది? వంట, పిల్లలు ఇంకొకరు చూసుకునేవాళ్ళకి. 2017లో గిట్‌హబ్ సంస్థ చేసిన సర్వేలో ఓపెన్ సోర్స్‌లో పనిచేసేవాళ్ళలో స్త్రీలు నూటికి ముగ్గురు. 2006లో గ్నోమ్ అనే ప్రాజెక్టుకి వేసవి పనికోసం నూట ఎనభైకి పైగా దరఖాస్తులొస్తే ఒక్క స్త్రీ కూడా లేదు. సిగ్గుపడి వాళ్ళు స్త్రీలకోసం, డబ్బిచ్చి పని నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇప్పుడు దాని పేరు ఔట్‌రీచీ. డబ్బిచ్చాక స్త్రీలొచ్చారు! స్టాల్‌మన్ అన్న మాటల మీద గొడవై 2019లో ఆయన తన సంస్థ నుంచి రాజీనామా చేసి, 2021లో బోర్డులోకి తిరిగొచ్చినప్పుడు ఆ ఉద్యమంలోని స్త్రీలు ఎంత పోరాడాల్సి వచ్చిందో అది వేరే ప్రసంగం. సమూహం అన్నంతమాత్రాన అధికారం లేకుండా పోదని మనకి మన సంఘాలే నేర్పాయి.

"కంపెనీ అయితే కేసు వెయ్యొచ్చు కదా" అని వరంగల్ నుంచి వచ్చిన మిత్రురాలు నిన్న అడిగారు. జీపీఎల్‌లో ఎటువంటి హామీ లేదని స్పష్టంగా రాసే వుంటుంది. నిజమే. కానీ కంపెనీల లైసెన్సు కాగితం చివరిదాకా చదవండి. నష్టం వస్తే మా బాధ్యత మీరు కట్టిన డబ్బు వరకే అని చాలావాటిలో వుంటుంది. మా డాంగిల్ కంపెనీ మీద కేసు వేద్దామని లాయరు దగ్గరికి వెళ్ళాం. "ఎవరి మీద వేస్తారమ్మా?" అన్నాడాయన.

మన రాష్ట్రంలో 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చారు. 2005లో దేశమంతటికీ వచ్చింది. వాటా అడిగిన ఆడపిల్లకి పుట్టింటి గుమ్మం మూసుకుపోవటం మీరందరూ చూస్తూనే వున్నారు. అడగాలంటే సర్వే నెంబరు తెలియాలి, పహాణీ చూడటం రావాలి, మండలాఫీసుకి తిరగటానికి తోడుండాలి. ఓపెన్ సోర్స్ లైసెన్సు నాకు అలాగే కనపడింది. 2012 నుంచి 2016 దాకా మా దగ్గర ఆ హక్కు కాగితం మీద వుంది. బ్యాకప్ ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళం ఆ హక్కుని ఏం చేసుకుంటాం?

2017 నుంచి మేం చేస్తున్నది ఇది. కోహానే వుంచుకున్నాం. దాన్ని చూసే ఒక చిన్న సంస్థకి డబ్బిస్తున్నాం. ఉచితంగా చేస్తామన్నా వద్దన్నాం. ఒప్పందం రెండు పేజీలు, తెలుగులో. పాస్‌వర్డులన్నీ మా దగ్గర సీలు వేసిన కవర్లో, అల్మారాలో. మా డేటా కాపీ వాళ్ళ దగ్గర వుండకూడదు. ఏం మార్చినా ఒక నోటుబుక్‌లో రాయాలి. వదిలి వెళ్ళాలంటే నెల ముందు చెప్పి, తర్వాత వచ్చేవాళ్ళకి అప్పగించి వెళ్ళాలి. కేసు ఫైళ్ళ సూచికని కోహాలోంచి తీసేసి, ఇంటర్నెట్ తగలని వేరే కంప్యూటర్‌లో పెట్టాం. అక్కడ పేర్లు లేవు, నెంబర్లే. పేర్ల పుస్తకం కాగితం మీద వుంది, తాళం కింద.

డబ్బు సంగతి అడుగుతారు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ వచ్చాక విదేశీ నిధుల్లో పాలనా ఖర్చు నూటికి యాభై నుంచి ఇరవైకి దించారు. కంప్యూటర్ ఖర్చు ఆ ఇరవైలోనే ఇరుక్కుంటుంది. మేం సభ్యత్వ చందాల్లోంచి కడుతున్నాం. లైసెన్సుకి పోయే డబ్బు ఇప్పుడు మనిషికి పోతోంది. ఇందులో నాకు చింత లేదు.

అన్నిటికన్నా కష్టమయినది, మా ఆఫీసులో ఇద్దరు నేర్చుకోవటం. ఒకామె అకౌంట్లు చూస్తుంది, ఒకామె పదో తరగతి చదివి అటెండరుగా చేరింది. "మాకెందుకమ్మా ఇవన్నీ, పిల్లలకి వస్తాయిగానీ" అన్నారు మొదట. కోహా వాడేవాళ్ళ సమూహంలో ప్రశ్న అడగటానికి ఇంగ్లీషు రాదని సిగ్గు. ఒకసారి ధైర్యం చేసి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి తెల్లారేసరికి జవాబు రాశాడు. ఇప్పుడు మా అటెండరమ్మే తెరమీద వచ్చే మాటలకి తెలుగు రాసి పంపుతోంది. చదివింపుల లెక్క మాది కూడా మొదలయింది. ఆ పనిని ఆఫీసు టైములోనే చెయ్యాలని పెట్టుకున్నాం, ఇంటికెళ్ళాక కాదు.

కిందటి నెల ఒక శనివారం పరీక్ష పెట్టుకున్నాం. సర్వర్ పోయిందనుకుని, మూలనున్న పాత కంప్యూటర్‌లో బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి నిలబెట్టాలి. సర్వీసు అతనికి ఫోన్ ఎత్తొద్దని ముందే చెప్పాం. ఉదయం పదికి మొదలుపెట్టారు ఇద్దరూ. పన్నెండుకి ఒకచోట ఆగిపోయింది. నోటుబుక్ తిరగేశారు, నన్ను బయటికి పొమ్మన్నారు. మూడు దాటాక పిలిచారు. 'దూబగుంట' అని కొట్టి చూపించారు. 1992 కటింగులు వరసగా వచ్చాయి. కొన్ని 'దూబకుంట' అని వున్నాయి, అవి దిద్దుకోవాలి.

2001 నుంచి 2008 దాకా పోయిన డేటా మాత్రం మా లైబ్రేరియన్ బైండు చేయించిన పుస్తకాల్లోంచి మళ్ళీ ఎక్కిస్తున్నాం. ఇంకా నాలుగు పుస్తకాలున్నాయి. టైపు చేసేవాళ్ళకి పేజీ లెక్కన డబ్బిస్తున్నాం. మీ దగ్గర తెలుగు టైపింగ్ వచ్చిన అమ్మాయిలుంటే పంపండి. తార్నాకలో మెట్రో దిగితే నడిచి వచ్చేంత దూరమే.